బాప్తిస్మం ఆదివారానికి ఏ పాటలు? కీర్తన, తర్జుమా పాట, కొత్త పాటల మధ్య ఎంపిక

సంక్రాంతికి హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి ఊరికి వచ్చే కుటుంబాలు చాలావరకు పండక్కి ముందు ఆదివారమే బిడ్డకు బాప్తిస్మం ఇప్పించమని అడుగుతాయి. లూథరన్ క్యాలెండరుకు కూడా అది బాగా కుదిరే రోజు. జనవరి 6న ఎపిఫనీ, అంటే క్రీస్తు ప్రత్యక్షత పండగ. దాని తర్వాత వచ్చే మొదటి ఆదివారం ప్రభువు బాప్తిస్మాన్ని తలచుకునే ఆదివారం. అది ఎప్పుడూ 7కీ 13కీ మధ్యే పడుతుంది. 2027లో అయితే జనవరి 10. వాక్యం సంగతి పాస్టరుగారు చూసుకుంటారు, బట్టలూ భోజనాలూ కుటుంబం చూసుకుంటుంది. పాటల మాట మాత్రం శనివారం సాయంత్రం దాకా ఎవరూ ఎత్తరు. చివరికి కీబోర్డు వాయించే కుర్రాడికి ఏది వస్తే అది, లేదా బిడ్డ మేనత్త వాట్సాప్‌లో ఏది పంపితే అది పాడేస్తారు.

ఇలా జరగడం నాకు బాధగా ఉంటుంది. లూథరన్ సంఘంలో పాట కూడా బోధే. 1524లో లూథరన్ల మొదటి పాటల పుస్తకాలు అచ్చయినప్పటి నుంచీ అంతే. ఆ రోజు చెప్పిన ప్రసంగం ఏడాది తిరిగేసరికి ఎవరికీ గుర్తుండదు. నీళ్ల పాత్ర చుట్టూ నిలబడి పాడిన పాట మాత్రం ఆ తల్లిదండ్రుల నోట ఉండిపోతుంది. బాప్తిస్మం అంటే ఏమిటని రేపు ఆ బిడ్డ అడిగితే, వాళ్లు చెప్పే జవాబు చాలావరకు ఆ పాటలోంచే వస్తుంది. సంఘంలో పాటల బాధ్యత చూసేవాళ్ల కోసం, ఏది పెట్టాలో తేలక టెన్షన్ పడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

పాటను దేనితో కొలవాలి

అన్నిటికంటే ముందు అడగాల్సింది ఒకటే: ఈ పాటలో పని చేస్తున్నది ఎవరు?

మన శాఖకు మూలపురుషుడు మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న కేటకిజంలో, అంటే ప్రశ్న జవాబుల బోధ పుస్తకంలో, బాప్తిస్మం గురించి నాలుగు ప్రశ్నలున్నాయి. బాప్తిస్మం అంటే ఏమిటి, దానివల్ల మేలేమిటి, నీళ్లు ఇంత గొప్ప పని ఎలా చేస్తాయి, నీళ్లతో బాప్తిస్మం ఇవ్వడం దేన్ని సూచిస్తుంది. మూడో ప్రశ్నకు జవాబు చూడండి. ఆ పని చేసేది ఉత్త నీళ్లు కావు. నీళ్లతో కలిసి ఉన్న దేవుని వాక్యం, ఆ వాక్యాన్ని పట్టుకునే విశ్వాసం. నాలుగు జవాబులూ చదివాక ఒకటి తేటగా తెలుస్తుంది. లూథరన్ బోధలో బాప్తిస్మం మనం దేవునికి ఇచ్చే మాట కాదు, దేవుడు మనకు ఇచ్చే మాట. పాట కూడా అదే చెప్పాలి.

దీన్ని తేల్చుకోవడానికి నేను చేసేది చాలా చిన్న పని. పాటను కాగితం మీద రాసి, ప్రతి క్రియ కిందా గీత గీస్తాను. పిలిచావు, కడిగావు, ధరింపజేశావు, పేరు పెట్టావు అనేవి దేవుని వైపు లెక్క. వచ్చాను, నిర్ణయించుకున్నాను, అప్పగించుకున్నాను, సాక్ష్యమిస్తాను అనేవి మన వైపు లెక్క. మన వైపు క్రియలే ఎక్కువున్న పాట చెడ్డదని కాదు, నీళ్ల పాత్ర దగ్గర పాడే పాట అది కాదని మాత్రమే. మూడు నెలల బిడ్డను ఒడిలో పెట్టుకుని ‘నేను నిశ్చయించుకున్నాను’ అని సంఘమంతా పాడితే ఆ మాట ఎవరిది?

మన ఉత్తరాంధ్రలో ఈ ప్రశ్న మరింత అవసరం. దానికో కారణం ఉంది. జర్మనీలోని బ్రెక్లుమ్‌లో 1876లో మొదలైన లూథరన్ మిషన్ 1880లలో జయపురం (ఇప్పటి ఒడిశా) సంస్థానానికీ, సాలూరు, పార్వతీపురం వైపుకీ వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, బొబ్బిలి, పాలకొండ, టెక్కలి వైపు సువార్త పని ఎక్కువగా కెనడా బాప్టిస్టు మిషన్‌ది. వాళ్ల పద్ధతిలో విశ్వాసం ఒప్పుకున్నవాళ్లకే, ముంచి ఇచ్చే బాప్తిస్మం. అందుకే మన చుట్టూ వినిపించే బాప్తిస్మం పాటల్లో ఎక్కువ భాగం నాగావళిలోనో చెరువులోనో దిగే పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. అవి మన చెవులకు అలవాటై, మనవే అనిపిస్తాయి. బంధుత్వాలు కూడా కలిసిపోయాయి. కోడలు బాప్టిస్టు ఇంటి పిల్ల, అల్లుడు లూథరన్ అన్న ఇళ్లు ఎన్నో. పాటల పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఈ కలగలుపు బయటపడుతుంది.

ఇక్కడ కొందరు మనవాళ్లు అవతలి కొసకు వెళ్తున్నారు. ‘ముంచడం’, ‘పాతిపెట్టబడడం’ అన్న మాటలు కనిపిస్తే చాలు, అది బాప్టిస్టు పాట అని పక్కన పడేస్తున్నారు. అది సరికాదు. బాప్తిస్మంలో క్రీస్తుతో పాతిపెట్టబడ్డామని చెప్పే రోమా 6వ అధ్యాయపు మాట మన కేటకిజంలోనే ఉంది. మనలోని పాత ఆదాము దినదినం మారుమనస్సు ద్వారా మునిగి చావాలి, కొత్త మనిషి దినదినం లేవాలి అన్నది లూథర్ మాటే. 1526లో ఆయన సవరించిన బాప్తిస్మ క్రమంలో బిడ్డను నీళ్లలో ముంచమనే ఉంది. కాబట్టి నీళ్లు ఎన్ని అన్నదాన్ని బట్టి పాటను కొట్టేయకండి. పని ఎవరిది అన్నదాన్ని బట్టి తేల్చండి.

రెండోది, పాటలో నీళ్లూ వాక్యమూ కలిసి ఉన్నాయా అని చూడాలి. యొర్దాను, నోవహు జలప్రళయం, ఎర్రసముద్రం, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామం, వీటిలో ఒక్కటైనా ఉంటే మంచిది. ఉత్త ‘ఆశీర్వాదం’ పాట పుట్టినరోజుకూ సరిపోతుంది, గృహప్రవేశానికీ సరిపోతుంది. బాప్తిస్మం రోజున అది సరిపోదు.

మూడోది, మన సంఘం ఆ పాట పాడగలదా? ఎవరో పాడితే విని బాగుందనుకోవడం వేరు, నూట ఇరవై మంది కలిసి పాడడం వేరు. వెనక బెంచీలో కూర్చున్న మామ్మ “ఏటి బాబూ, నోరు తిరగట్లేదు” అందంటే ఆ పాట ఇంకా సిద్ధం కాలేదని అర్థం. నీళ్ల పాత్ర దగ్గర దొరికే సమయం కూడా తక్కువ, రెండు మూడు నిమిషాలు. పన్నెండు చరణాల పాటకు అక్కడ చోటు లేదు.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు

మన చేతిలో ఉన్న అతి పెద్ద నిధి ఈ పాటల పుస్తకమే. పాట పైన రాగం, తాళం, కింద పల్లవి, అనుపల్లవి, చరణాలు. పర్లాకిమిడి ప్రాంతంలో పెరిగిన పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు మన గడ్డ మీద పుట్టినవే. ఈ పుస్తకం ఏ ఒక్క శాఖదీ కాదు. లూథరన్లు, బాప్టిస్టులు, మిగతావాళ్లు అందరూ పాడుకుంటారు. బాప్తిస్మం రోజున రెండు వైపుల బంధువులూ కూర్చునే చోట ఇది ఎంత మేలో చెప్పనక్కర్లేదు.

కీర్తనకున్న బలం పల్లవి. ప్రతి చరణం తర్వాత తిరిగి వస్తుంది కాబట్టి చదవడం రానివాళ్లు కూడా మూడోసారికి అందుకుంటారు. కరెంటు పోయినా ఆగదు. హార్మోనియం, తాళాలు ఉంటే చాలు, అవీ లేకపోతే గొంతు చాలు. భాషలో దేవుణ్ణి నేరుగా పిలిచే తీరు ఎక్కువ. అందుకే నా క్రియల పరీక్షలో కీర్తనలు తరచుగా బాగా నెగ్గుతాయి.

చిక్కులూ ఉన్నాయి. పుస్తకం అందరిదీ కాబట్టి, ‘బాప్తిస్మము’ అన్న శీర్షిక కింద ఉంది కదా అని ఏ పాటైనా మన ఆరాధనకు సరిపోతుందని అనుకోవద్దు. ఒక్కోటీ చదివి చూడాలి. అదే సమయంలో ఆ శీర్షిక బయట కూడా వెతకండి. త్రిత్వం, పరిశుద్ధాత్మ, పిల్లలు, దేవుని కృప అన్న భాగాల్లో బాప్తిస్మానికి చక్కగా ఒదిగే కీర్తనలు దొరుకుతాయి.

రెండో చిక్కు భాష. సంధులూ సమాసాలూ ఈనాటి పిల్లలకు అర్థం కావు. దానికి పాట మార్చేయక్కర్లేదు. ముందు ఆదివారం సండేస్కూల్లో పది నిమిషాలు తీసుకుని అర్థం చెప్పి, పల్లవి నేర్పితే సరిపోతుంది. పిల్లలు నేర్చుకుంటే వాళ్ల వెనకే అమ్మానాన్నలూ పాడతారు.

మూడోది, సాగదీత. పుస్తకంలో ఆది తాళం అని ఉంటుంది, మనం మాత్రం తాళం వదిలేసి ఎక్కడికక్కడ ఆగి పాడతాం. ఎనిమిది చరణాలయ్యేసరికి చంటిబిడ్డ ఏడుపు అందుకుంటుంది. పల్లవి, రెండు చరణాలు చాలు. ఏ రెండు అన్నది ముందే తేల్చుకోండి. క్రీస్తు చేసిన పని చెప్పే చరణం ఒకటి, త్రిత్వ నామమో వాగ్దానమో ఉన్నది ఒకటి. మిగతా చరణాలు కానుకల వేళ పాడుకోవచ్చు.

రాగం గురించి ఒక మాట. బిలహరి, మోహన వంటివి సంతోషానికి బాగుంటాయి. ముఖారి బాప్తిస్మం రోజున బరువుగా ఉంటుంది, అది ఈస్టర్‌కు ముందొచ్చే ఉపవాస కాలమైన లెంటు శుక్రవారాలకు ఉంచండి. విజయనగరంలో 1919లో మహారాజావారి సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు దాని మొదటి ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ నేర్పారు. ఇలాంటి ఊళ్లో సంగీతం తెలిసిన మనిషి దొరకరని అనుకోలేం. సంఘంలో లేకపోతే పొరుగున అడగండి. పుస్తకంలో రాసిన రాగం ఎలా ఉంటుందో ఒక గంట కూర్చుని వింటే చాలు, మన నోట్లో అరిగిపోయిన వరస మళ్లీ నిలబడుతుంది.

తర్జుమా పాటలు

జర్మన్, ఇంగ్లీషు బాణీల మీద తెలుగు మాటలు కూర్చిన పాటలివి. వీటి మేలు సిద్ధాంతంలో ఉంది. లూథరన్ సంప్రదాయంలో బాప్తిస్మం గురించి వందల ఏళ్లుగా పాటలు రాస్తూ వచ్చారు. బిడ్డ బాప్తిస్మాన్ని ఎదురుగా పెట్టుకుని రాసినవి చాలా ఉన్నాయి. కీబోర్డు మీద నాలుగు స్వరాలు కలిపి వాయించగల సంఘానికి ఇవి నిండుగా వినిపిస్తాయి.

అయితే తెలుగుకు ఇవి అంత సులువుగా ఒదగవు. మన భాషలో హ్రస్వం హ్రస్వమే, దీర్ఘం దీర్ఘమే. లైనుకు ఇన్ని అక్షరాలు అని లెక్క పెట్టి కూర్చినప్పుడు పొట్టి అక్షరాన్ని సాగదీయాల్సి వస్తుంది, దీర్ఘాన్ని మింగేయాల్సి వస్తుంది. చిన్నప్పటి నుంచీ అలవాటైనవాళ్లకు ఇది తెలియదు. కొత్తగా వినేవాళ్లకు మాట పట్టుబడదు. కాబట్టి తర్జుమా పాట తీసుకునే ముందు, పాడకుండా ఒకసారి గట్టిగా చదవండి. ఆ తర్వాత పాడండి. చదివినప్పుడు తెలిసిన అర్థం పాడినప్పుడు పోతోందంటే వేరేది చూసుకోవడమే మంచిది.

లూథర్ రాసిన బాప్తిస్మం పాట సంగతి ఇక్కడే చెప్పాలి. 1541 నాటిది. క్రీస్తు మన ప్రభువు యొర్దానుకు వచ్చాడు అంటూ మొదలవుతుంది. ఏడు చరణాలు, చరణానికి తొమ్మిది లైన్లు. బాణీ అంతకంటే పాతది, 1524లో లూథర్ సహచరుడు యోహాన్ వాల్టర్ అచ్చు వేయించిన పాటల పుస్తకంలోనే ఉంది. అందులో యొర్దాను దగ్గర తండ్రి స్వరం, నీళ్లలో నిలిచిన కుమారుడు, పావురంలా దిగిన ఆత్మ, శిష్యులకు ఇచ్చిన ఆజ్ఞ అన్నీ వరుసగా వస్తాయి. చివరి చరణంలో కంటికి కనిపించేది మనుషులు పోసే నీళ్లే గాని, విశ్వాసం ఆ నీళ్లలో క్రీస్తు రక్తపు బలాన్ని చూస్తుంది అంటాడు. ఒక్క పాటలో మొత్తం కేటకిజం. జర్మన్ సంగీతకారుడు బాఖ్ 1724లో బాప్తిస్మమిచ్చే యోహాను పండగకు, అంటే జూన్ 24కు, దీని మీద ఒక పెద్ద సంగీత రచన చేశాడు.

అంత గొప్ప పాటైనా మన సంఘంతో పాడించడానికి నేను తొందరపడను. పొడవు ఎక్కువ, బాణీ అలవాటు లేనిది. దాని ఆఖరి చరణం భావాన్ని మంచి తెలుగు వచనంలో రాసి, ప్రసంగం తర్వాత ఒకరి చేత చదివించండి. వెనక కీబోర్డు మీద ఆ బాణీ మెల్లగా ఒక్కసారి వాయించవచ్చు. ఏటా జనవరిలో ఇలా చేస్తూ పోతే నాలుగైదేళ్లకు బాణీ చెవికి అలవాటవుతుంది. పాడించడం అప్పుడు ఆలోచించవచ్చు.

కొత్త ఆరాధన పాటలు

యువత అడిగేవి ఇవే, ఇంటివాళ్లు ఫోనులో పంపేవీ ఇవే. వీటిని చిన్నచూపు చూడడం నాకు ఇష్టం లేదు. వీటిలో కొన్ని బైబిల్లోని కీర్తనల గ్రంథం నుంచో యెషయా నుంచో వాక్యాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని కట్టినవి. యెషయా 43లో “పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను నీవు నా సొత్తు” అన్న మాట ఉంది కదా, ఆ మాట మీద కట్టిన పాట ఏదైనా బిడ్డ బాప్తిస్మానికి చక్కగా అమరుతుంది. 139వ కీర్తన మీద కట్టినవీ అంతే. తల్లి గర్భంలోనే దేవుడు ఎరిగిన బిడ్డ అన్నది నీళ్ల పాత్ర ముందు చెప్పాల్సిన మాటే.

ఎక్కువ భాగం మాత్రం నేను, నాకు, నా చుట్టూ తిరుగుతాయి. నా అనుభవం, నా నిర్ణయం, నా కన్నీరు. ఒంటరి ప్రార్థనలో వీటికి చోటుంది. బిడ్డ బాప్తిస్మం మధ్యలో లేదు.

రెండో ఇబ్బంది సంగీతపరమైనది. ఇవి ఒక గాయకుడి గొంతుకు, స్టూడియోలో కట్టినవి. చరణం కింద స్థాయిలో మొదలై, పల్లవి ఒక్కసారిగా పైకి వెళ్తుంది. మధ్యలో పొడుగాటి మ్యూజిక్. రికార్డింగులో వినడానికి బాగుంటుంది గాని, సంఘం ఎక్కడ అందుకోవాలో తెలియక ఊరుకుంటుంది. ఇద్దరు మైకులో పాడతారు, మిగతావాళ్లు చూస్తారు. ట్రాక్ పెట్టి పాడితే మరీ కష్టం. పాస్టరుగారి చేతిలో బిడ్డ ఏడ్చినా, జ్ఞాన తల్లిదండ్రులు ఒక నిమిషం ఆలస్యంగా లేచినా ట్రాక్ ఆగదు.

మీకు తప్పనిసరిగా కొత్త పాటే కావాలంటే పల్లవి మాత్రం తీసుకోండి. రెండు స్వరాలు దించి, మధ్య మ్యూజిక్ తీసేసి, ఒక తబలాతో పాడి చూడండి. అలా పాడినా నిలబడిందంటే అది మంచి పాట.

మన బాణీలో సొంత పాట

ఊడుపుల పాట, కోలాటం, జోలపాట, ఇలాంటి వరసల మీద సంఘమే నాలుగు లైన్లు కట్టుకోవడం ఇంకో దారి. చాలామంది దీన్ని ఆలోచించరు. బిడ్డ బాప్తిస్మానికి జోలపాట వరస ఎంత దగ్గరగా ఉంటుందో పాడి చూస్తేనే తెలుస్తుంది. ఇలా ఏదైనా కట్టుకోవచ్చు:

నీళ్లలో నీ మాట కలిపితివి దేవా
మా బిడ్డ నుదుటిపై నీ పేరు నిలిపితివి
అడగక మునుపే నా సొత్తని పిలిచితివి
అడుగిడక మునుపే నీ చేయి చాపితివి

అన్ని క్రియలూ దేవునివే. బిడ్డ పేరు రెండో లైనులో పెట్టుకున్నా సరిపోతుంది. రాసినదాన్ని పాస్టరుగారికి చూపించకుండా మాత్రం ఆరాధనలో పాడకండి. వరస ఎంచుకునేటప్పుడు ఇంకొక జాగ్రత్త. ఊళ్లో ఆ వరస వినగానే ఒక గ్రామదేవత జాతరే గుర్తొచ్చేట్టయితే దాన్ని వదిలేయండి. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లకు అది ఇబ్బంది.

ఒకచోట పెట్టి చూస్తే

| చూడాల్సింది | కీర్తన | తర్జుమా పాట | కొత్త పాట | సొంత పాట |
|---|---|---|---|---|
| దేవుని పని చెప్పడం | చాలావరకు బాగు, చదివి చూడాలి | చాలా బాగు | పాటను బట్టి, తరచు తక్కువ | మనం రాసినదాన్ని బట్టి |
| పెద్దవాళ్లు పాడడం | కంఠతా వస్తుంది | పాత సంఘాల్లో వస్తుంది | కష్టం | వరస తెలుసు కాబట్టి సులువు |
| పిల్లలు, యువత | అర్థం చెప్పాలి | కష్టం | వెంటనే అందుకుంటారు | సులువు |
| వాద్యం లేకుండా | నిలబడుతుంది | పలచబడుతుంది | చాలావరకు నిలబడదు | నిలబడుతుంది |
| ఎక్కడ పెట్టాలి | నీళ్ల పాత్ర దగ్గర, ప్రవేశానికి | ప్రసంగం తర్వాత | కానుకలు, ముగింపు | నీళ్ల పాత్ర దగ్గర |

ఏ పాట ఎక్కడ

మనం మామూలుగా ప్రవేశ గీతంతో మొదలుపెట్టి వరుసగా రాసుకుంటూ పోతాం. బాప్తిస్మం ఆదివారానికి అలా చేయకండి. నీళ్ల పాత్ర దగ్గర పాడే పాటను ముందు తేల్చండి. అది కుదిరాక మిగతావి దాని చుట్టూ పెట్టుకోండి. ఆ ఒక్క చోట మాత్రం దేవుని పని చెప్పే పాటే ఉండాలి, సంఘమంతా పాడగలిగినదే ఉండాలి. మిగతా చోట్ల కొంత సర్దుకోవచ్చు.

ప్రవేశానికి త్రిత్వ స్తుతి పాడితే బాగుంటుంది, ఆ తర్వాత బిడ్డకు ఇచ్చేది ఆ నామంలోని బాప్తిస్మమే కాబట్టి. ప్రభువు బాప్తిస్మపు ఆదివారానికి, ఏ ఆదివారం ఏ బైబిలు భాగం చదవాలో చెప్పే మూడేళ్ల పాఠాల క్రమంలో ప్రతి ఏడూ 29వ కీర్తనే వస్తుంది, యెహోవా స్వరం జలముల మీద వినబడుతుంది అనే కీర్తన. దాన్ని చదివేసి వదలకుండా, రెండు వచనాలకోసారి చిన్న పల్లవి పెట్టి పాడించండి. బాప్తిస్మం మధ్యలో విశ్వాస ప్రమాణం ఉంటుంది. దాన్ని పాటగా మార్చకండి, అందరూ కలిసి చెప్పాల్సిందే.

నీళ్లు పోసే సమయం గురించి గట్టిగా చెబుతాను. పాస్టరుగారు బిడ్డ పేరు పిలిచి, “తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామమున” అంటున్నప్పుడు కీబోర్డు ఆగాలి. వెనక మెల్లగా వాయించడం ఇప్పుడు అలవాటైంది, భక్తిగా ఉంటుందని అంటారు. ఆ వాక్యం మీదే మొత్తం బాప్తిస్మం నిలబడింది. ఆ మాట, నీళ్ల చప్పుడు, ఈ రెండే వినిపించాలి. ఆమెన్ అయ్యాక పల్లవి ఎత్తుకోండి. ఒకే రోజు ఐదారుగురు పిల్లలుంటే ఒక్కొక్కరి తర్వాత పల్లవి ఒక్కసారి, అందరూ అయ్యాక చరణాలు.

నిర్ణయం, సాక్ష్యం, అప్పగింపు పాటలకు చోటు దీని తర్వాత వస్తుంది, కానుకల వేళ, ముగింపులో. దేవుడు చేసినదానికి మన జవాబుగా పాడితే అవి పూర్తిగా మన కేటకిజం ప్రకారమే ఉంటాయి.

లెంటు రోజుల్లో బాప్తిస్మం పడితే హల్లెలూయ ఉన్న పాటలు ఈస్టర్ దాకా ఆపండి.

మీ సంఘం ఎలాంటిది?

వాద్యాలు లేని పల్లె సంఘం మీదైతే, నీళ్ల పాత్ర దగ్గర కీర్తన, లేదా జోల వరసలో సొంత పాట. వేరే ఆలోచన అక్కర్లేదు. కీబోర్డూ ప్యాడ్సూ (ఎలక్ట్రానిక్ డ్రమ్ములు) ఉన్నాయి కదా అని పట్నం సంఘాన్ని చూసి బాధపడకండి. బాప్తిస్మానికి మీ దగ్గర ఉన్నదే ఎక్కువ పనికొస్తుంది.

పట్నంలో యువత ఎక్కువగా ఉన్న సంఘమైతే, ప్రవేశం కీర్తన, ముగింపు కొత్త పాట అని ముందే మాట ఇచ్చేయండి. ముగింపు తమ చేతిలో ఉందని తెలిస్తే క్వయర్ పిల్లలు కీర్తన నేర్చుకోవడానికి మనస్ఫూర్తిగా కూర్చుంటారు. వాళ్ల చేత కీర్తన పల్లవిని రెండు గొంతుల్లో పాడించి చూడండి, సంఘం నిటారుగా కూర్చుని వింటుంది.

బిడ్డ తల్లి వైపువాళ్లు బాప్టిస్టులైతే పాటతో వాదన పెట్టుకోవద్దు. బిడ్డల బాప్తిస్మం ఎందుకు సరైనదో నిరూపించే పాట వెతకడం తప్పు దారి. ఆ రోజు వాళ్లు మన అతిథులు, ఆ బిడ్డకు అమ్మమ్మా తాతయ్యా. యెషయా 43, గలతీ 3లోని “క్రీస్తును ధరించుకొనియున్నారు” అన్న మాట, రోమా 6, వీటి మీద ఉన్న పాటలు వాళ్లూ మనసారా పాడతారు. వాళ్ల సంఘంలో పాడే ఒక సాక్ష్యపు పాటను కానుకల వేళ పెట్టి, మేనమామ చేత ఎత్తించండి. బోధ ఎక్కడా పలచబడదు, ఇల్లు మాత్రం కలుస్తుంది.

పెద్దవాళ్లు బాప్తిస్మం తీసుకుంటున్నప్పుడు లెక్క కొంచెం మారుతుంది. వాళ్లు తమ నోటితో విశ్వాసం ఒప్పుకుంటారు కాబట్టి ‘నేను’ అన్న పాటకు ఇక్కడ ఇంకాస్త చోటుంది. అయినా నీళ్ల పాత్ర దగ్గర మాత్రం దేవుని క్రియలే ఉండాలి. తన నిర్ణయం గట్టిదా కాదా అని ఆ మనిషికి ఎప్పుడో ఒక రాత్రి సందేహం వస్తుంది. అప్పుడు పట్టుకోవడానికి దేవుడు పలికిన మాట కావాలి. అలాంటి రోజు మొదటిసారి చర్చి మెట్లెక్కే హిందూ బంధువులూ వస్తారు. రాగం, తాళం ఉన్న కీర్తన వాళ్లకు చెవికి కొత్తగా ఉండదు. మాటలు మాత్రం ఒకసారి వాళ్ల చెవితో చదవండి. లోపలివాళ్లకే అర్థమయ్యే మాటలు మరీ ఎక్కువుంటే, పాటకు ముందు రెండు వాక్యాల్లో వివరించండి.

బాప్తిస్మం ఎవరికీ లేదు, బాప్తిస్మాన్ని తలచుకునే ఆరాధన మాత్రమే అన్న ఆదివారాలుంటాయి. పొడుగాటి పాటలకు, తర్జుమా పాటలకు అదే మంచి రోజు. తొందర లేదు, ఏడ్చే బిడ్డ లేదు. దినదినం చచ్చి లేవడం గురించి పాడే పాటలు కూడా ఆ రోజుకే ఎక్కువ నప్పుతాయి.

వాయించేవాళ్లకు, పాడించేవాళ్లకు

శృతి దించండి. ఎక్కువ సంఘాల్లో పాట కుదరకపోవడానికి కారణం ఇదే. క్వయర్ నాయకుడి గొంతుకు హాయిగా ఉన్న శృతిలో ఆడవాళ్లు పై స్థాయికి అందక ఆగిపోతారు. పాటలో అన్నిటికంటే పైనున్న స్వరాన్ని ముందు వెతికి, దాన్ని ఒక నడివయసు అమ్మగారి చేత పాడించి చూడండి. ఆమెకు ఇబ్బందైతే శృతి దించాల్సిందే.

ప్యాడ్స్ శబ్దం ముందు వరుసలో చంటిపిల్లలు ఉన్నారని గుర్తుంచుకుని పెట్టండి. నీళ్ల పాత్ర దగ్గర పాటకు ప్యాడ్స్ అసలు లేకపోతే మరీ మంచిది, తబలా చాలు.

మాటలు పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి, ఎంచుకున్న చరణాలు మాత్రమే అందులో పెట్టండి. పుస్తకంలో ఒకటి, మూడు చరణాలు పాడదాం అని నోటితో చెబితే సగం మంది రెండోది పాడతారు. కాగితం వెనక వైపు బిడ్డ పేరు, బాప్తిస్మం తేదీ, ఆ రోజు వాక్యం అచ్చు వేస్తే ఇంటికి తీసుకెళ్లి దాచుకుంటారు.

ఇంటివాళ్లు ఎంతో ఇష్టపడి అడిగిన పాట కుదరనప్పుడు, కుదరదని ఫోనులో చెప్పేయకండి. గురువారమో శుక్రవారమో ఇంటికెళ్లి, ఆ పాటా మీరు ఎంచిన పాటా పక్కపక్కన పెట్టి వాళ్లతో కలిసి చదవండి, బిడ్డకు దేవుడు ఏం ఇస్తున్నాడో చెప్పండి. వాళ్ల పాటను కానుకల వేళకో, మధ్యాహ్నం భోజనాలకు ముందు ప్రార్థనకో మార్చుకోమని అడగండి. నీళ్ల పాత్ర దగ్గర పాటను ఎవరు ఎత్తుకుంటారో కూడా ఆ రోజే వాళ్లతోనే తేల్చుకోండి. బిడ్డ నాయనమ్మకు ఆ కీర్తన వస్తే ఆమే ఎత్తుకోవచ్చు, క్వయర్ రెండో లైను నుంచి కలుస్తుంది.